నాలుగో కార్డు

మా సెక్షన్‌లో రెండు షాపులకూ ప్రోగ్రాం ఒక్కటే. దాని ముందు పెట్టే కార్డులే వేరు. ఈ సంగతి తెలియకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

డెబ్బైల మొదట్లో లెక్కల డిగ్రీ చేతపట్టుకుని పటాన్‌చెరు అవతల ఒక ఫ్యాక్టరీలో చేరాను. మోటార్లకు ఇరుసులు చేసే ఫ్యాక్టరీ అది. పాత షాపు ఒకటి, కొత్త షాపు ఒకటి. ఏ యంత్రం మీద ఏ ఇనుప కడ్డీని ఎంత పొడవు కోయాలో రోజూ పొద్దున్నే రెండు షాపులకూ మా కంప్యూటర్ జాబితా అచ్చువేసి పంపేది. పాత షాపు రంపాలు మందం. అక్కడ కొలత మీద అయిదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి కోయాలి. కొత్త షాపు రంపాలకు రెండు చాలు. ఆ ఎక్కువ ఉంచేదాన్ని మేము వదులు అనేవాళ్లం.

నేను చేరేనాటికి ఆ వదులు అంకె ప్రోగ్రాం కడుపులోనే ఉండేది. ప్రోగ్రాం అంటే ఒక పొడుగాటి ట్రే నిండా చిల్లులు పొడిచిన అట్ట కార్డులు. పాత షాపుకు ఒక ట్రే, కొత్త షాపుకు ఒక ట్రే. ఎవరైనా రంపం మార్చితే ఆ ట్రే మధ్యలో ఎక్కడో ఉన్న కార్డు వెతికి లాగి ఇంకోటి పెట్టాలి. ఒక ట్రేలో దిద్దిన తప్పు రెండో ట్రేలో అలాగే ఉండిపోయేది. మా అత్తమ్మ సర్వపిండి చేసేటప్పుడు పిండి ఒక్కటే కలిపి, మా మామయ్య ముద్దలో కారం తక్కువ, నా ముద్దలో వెల్లుల్లి ఎక్కువ వేస్తుంది. ఒక్కొక్కరికి వేరువేరుగా పిండి విసరదు కదా. నేను చేసింది అంతే. మారేవన్నీ ప్రోగ్రాంలోంచి బయటికి తీసి మూడు కార్డుల మీద పొడిపించాను. మొదటి దాని మీద షాపు పేరు. రెండో దాని మీద వదులు అంకె. మూడో దాని మీద ఇది పరీక్షకా, అసలు పనికా అన్న గుర్తు. ఏ షాపు పని చేయాలంటే ఆ షాపు మూడు కార్డులు ప్రోగ్రాం ముందు పెట్టి మిషన్‌కు తినిపించడమే. ఒక్కో షాపు మూడు కార్డులకూ ఒక రబ్బరు బ్యాండు. ఆ కట్టలన్నీ ఇనుప బీరువాలో ఉండేవి. తాళాలు నా దగ్గర ఉండేవి.

మా సూపర్‌వైజర్‌కు యాభై దాటాయి. మెత్తగా మాట్లాడతారు, ఎవరినీ కసిరి ఎరగరు. ఈ ముందు కార్డుల పద్ధతి బాగుందని మేనేజర్ మెచ్చుకున్నప్పుడు, "నేనే ఇలా చేయించాను సార్" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. మింగేశాను.

ఎందుకు మింగానంటే, నాకు పర్మినెంట్ కావాలి. సూపర్‌వైజర్ మంచి నోటు రాస్తేనే అవుతుంది. పర్మినెంట్ అయినవాళ్లకు ఫ్యాక్టరీ వెనక కాలనీలో క్వార్టర్ ఇస్తారు. అక్కడికి పది నిమిషాల నడక. మా పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో అత్తమ్మ దగ్గర వదిలి ఏడింటి బస్సుకు వచ్చేదాన్ని. సంగారెడ్డిలో బడిపంతులైన మా ఆయనది ఇంకో బస్సు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి జాకెట్ తడిసి, కొంగు నిండా కప్పుకుని, గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. క్వార్టర్ వస్తే భోజనం గంటలో ఇంటికి వెళ్లి పాపకు పాలిచ్చి రావచ్చు. నాకు కావలసింది అదొక్కటే.

ఒకటి మాత్రం ముందే అడిగాను. "సార్, రెండో కార్డు మీద ఉత్త అంకె తప్ప ఏమీ లేదు. ఏ షాపుదో పెన్సిల్‌తో రాసిపెడతాను." ఆయన నవ్వి, "కార్డులు శుభ్రంగా ఉండాలమ్మా. గోడ మీద బొగ్గు గీతల్లాగ వద్దు" అన్నారు.

దసరా సెలవులకు ముందు రోజు ఫ్యాక్టరీలో ఆయుధపూజ. షాపుల్లో యంత్రాలు కడిగి బొట్లు పెట్టారు. మా గదిలో కంప్యూటర్‌కు బంతిపూల దండ వేశారు. మా ఆయుధాలు కార్డులే కాబట్టి వాటినీ అమ్మవారి పటం ముందు పెట్టాలన్నారు సూపర్‌వైజర్. ఆ పొద్దున్నే నాకు నెలసరి వచ్చింది. కాన్పు తర్వాత అదే మొదలు. నేను దానికి సిద్ధంగా కూడా లేను. పంచింగ్ మిషన్ మీద కూర్చునే అక్క తన చీర చింపి ఇచ్చింది. అక్క సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం వాళ్ల కోడలు, నాకన్నా పదేళ్లు పెద్దది.

కార్డుల కట్టలు తీసుకురమ్మని సూపర్‌వైజర్ పిలిచినప్పుడు నేను కదల్లేదు. అక్కే వెళ్లి, "సార్, ఆమె ఇయ్యాల దూరమున్నది. మీరే తీసుకోన్రి" అని మెల్లగా చెప్పింది.

ఆయన నావైపు తిరిగి, చేయి వెనక్కి పెట్టుకుని, "తాళాలు చేతికివ్వకమ్మా. బల్ల మీద పెట్టు. పెట్టి బయట కూర్చో" అన్నారు.

పెట్టాను. ఆయన వాటి మీద నీళ్లు చల్లి తీసుకున్నారు. వరండాలో మెట్టు మీద కూర్చుని కిటికీలోంచి చూశాను. కట్టల రబ్బరు బ్యాండ్లు తీసి, కార్డులను తమలపాకుల్లా పటం ముందు పరిచారు. ఒక్కో కార్డుకూ మూలన పసుపు బొట్టు పెట్టారు. హారతి అయ్యాక ఎవరినీ ముట్టనివ్వకుండా తానే ఏరి, తానే బ్యాండ్లు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. సెలవుల తర్వాత తాళాలు నా బల్ల మీద ఉన్నాయి.

ఆ రోజు నేను పాత షాపు కట్ట తీసి పై కార్డు చూశాను. పాత షాపు అనే ఉంది. రెండో కార్డు చూడలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. జాబితా అచ్చయింది, షాపుకు వెళ్లింది.

మర్నాడు పాత షాపు మేస్త్రీ ఒక కడ్డీ ముక్క భుజాన పెట్టుకుని మా గదికి వచ్చాడు. దాన్ని నా బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, గిది సూడు. మూడు మిల్లీమీటర్లు పొట్టి. గిసొంటియి ఒక కుప్ప ఉన్నయి. మా మనిషి మీ కాగితంల ఉన్నట్టే కోసిండు. ఇగ కరగబోసుడే."

కట్ట విప్పితే రెండో కార్డు మీద రెండు అని ఉంది. మూలన పసుపు బొట్టుంది. కొత్త షాపు కట్టలో అయిదు అంకె కార్డుంది. షాపు పేరున్న కార్డులు సరిగ్గానే సర్ది, అంకె కార్డులు అటుదిటు, ఇటుదటు పెట్టారు. నేను తలెత్తి సూపర్‌వైజర్‌ను చూశాను. ఆయన కూడా ఆ పసుపు బొట్టు చూశారు. చూసి, మేస్త్రీవైపు తిరిగి, "మీ తప్పు కాదులే మేస్త్రీ. పసిపిల్ల తల్లి. మనిషి ఇక్కడ, మనసు ఉయ్యాల దగ్గర" అన్నారు.

మేనేజర్ గదిలో విచారణ జరిగింది. మేనేజర్, ఇద్దరు షాపు ఇన్‌చార్జులు, సూపర్‌వైజర్, నేను. మొత్తం నలుగురు మగవాళ్లు.

"బీరువా తాళాలు ఎవరి దగ్గర ఉంటాయి?" అన్నారు మేనేజర్.

"ఈ అమ్మాయి దగ్గరే సార్, ఎప్పుడూ" అన్నారు సూపర్‌వైజర్.

"పూజ రోజు సార్ తీసుకున్నారు" అన్నాను.

"మీ బాధ్యత కదా, ఎందుకిచ్చారు?"

సూపర్‌వైజర్ నావైపు చూశారు. కంగారుగా కాదు, పెళ్లిలో పక్క బంతివాళ్లను చూసినట్టు నిదానంగా చూశారు. నేను జవాబు చెప్పనని ఆయనకు తెలుసు. నేను బల్ల అంచు చూస్తూ నిలబడ్డాను. "పూజ పనుల్లో నేను చూశాను గానీ సార్, కట్టలు ఎలా ఉన్నవి అలాగే పెట్టాను" అన్నారు ఆయన. మేనేజర్ రాసుకున్నారు. నా పర్మినెంట్ మూడు నెలలు వాయిదా పడింది. నిర్లక్ష్యం అని ఫైల్లో నోటు పెట్టారు. మళ్లీ ఇలాంటిది జరిగితే పంపించేస్తామన్నారు. కడ్డీలు కోసిన మనిషికి కూడా మెమో ఇచ్చారు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు అక్క అడిగింది.

"నోట్ల బెల్లం పెట్టుకున్నవా? ఎందుకు చెప్పలే?"

"నలుగురు మొగోళ్ల ముందట ఎట్ల చెప్పాలె అక్కా?"

"ఆయనకెరుకే, నువ్వు చెప్పవని. గందుకే గంత నిమ్మళంగ కూసున్నడు."

ఆ మాట నాకు కడ్డీ ముక్క కన్నా గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి ఆయన మెత్తటి గొంతు నాకు పడేది కాదు. పాపను నిద్రపుచ్చుతూ ఆయనకు ఏమేం జరగాలో ఆలోచించేదాన్ని. ఆయన కళ్లజోడు మిషన్‌లో పడాలి. ఆయన నోటు రాసే చేయి తేలు కుట్టాలి. చదువుకున్నదాన్ని, ఇలా ఆలోచిస్తున్నానని సిగ్గుపడేదాన్ని. సిగ్గుపడుతూనే మళ్లీ మొదటి నుంచి ఆలోచించేదాన్ని.

ఒకసారి ఆలోచనతో ఆగలేదు. పాపకు టీకా వేయించడానికి సెలవు అడిగాను. నేను లేని రోజు జాబితాలు ఆయనే తీయాలి. ముందురోజు సాయంత్రం రెండు కట్టల్లో అంకె కార్డులు మళ్లీ అటూ ఇటూ మార్చి, తాళం వేసి, తాళాలు ఆయన బల్ల మీద పెట్టి, బస్సెక్కాను. బస్సు కదలకముందే మెమో తీసుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఈసారి కూడా కోసేది అతనే, మెమో వచ్చేదీ అతనికే. పొద్దున్నే టీకా మానుకుని అందరికన్నా ముందు గేటు దగ్గర నిలబడి, వెళ్లి కార్డులు సరిచేశాను. సూపర్‌వైజర్ వచ్చి, "సెలవన్నావు కదమ్మా" అన్నారు. "పాపకు జ్వరం సార్, టీకా వెయ్యలేదు" అన్నాను. అబద్ధమాడాను. వారం తిరక్కుండానే నిజంగా జ్వరం వచ్చింది. నా నోటిమాట వల్లే వచ్చిందని ఏడ్చాను. ఆ ఏడుపు కూడా ఆయన పేరుకే జమ చేశాను.

ఆ నెలలోనే ఒక సాయంత్రం ఇంట్లో మళ్లీ నెలసరి. పాపను ముట్టుకోవచ్చా అని అత్తమ్మను అడిగాను. అత్తమ్మ వ్యవసాయం చేసిన మనిషి, బియ్యం చెరుగుతూ ఉంది.

"పసిదానికి పాలియ్యకుంట యాడ కూసుంటవు? పిచ్చి మాటలు."

"మా ఆఫీసుల కార్డులు కూడ ముట్టనియ్యరు అత్తమ్మా."

"మరి నాట్లప్పుడు మడిల దిగిన ఆడోళ్లను ఎవడన్న అడిగిండా, నువ్వు దూరమున్నవా, నువ్వు దూరమున్నవా అని? అడిగితే మేమందరం గట్టు మీద కూసుందుము. గప్పుడు వాళ్లే ఏసుకుందురు నాట్లు."

చేట ఒకసారి ఎగరేసి, నూకలు ఊది, మళ్లీ అదే పని చేసుకుంటూ కూర్చుంది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆకలి లేక కాదు, సంతోషంతో.

మర్నాడు సూపర్‌వైజర్ ముందు తలవంచుకుని నిలబడ్డాను.

"సార్, నావల్ల తప్పు జరిగింది. ఇక ముందు ఎవరి చేతి నుంచి జరిగిందో అందరికీ తెలియాలి. ముందు కార్డులు ఇప్పుడు మూడున్నాయి. నాలుగోది పెడదాం. తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి, ఎందుకు అన్నది దాని మీద పొడుద్దాం. వదులు అంకె, షాపు పేరు, ఇదీ, అన్నీ జాబితా మొదటి పేజీలోనే అచ్చయ్యేలా నేను ప్రోగ్రాం మారుస్తాను."

ఆయన మొహం వెలిగింది. అన్నీ మొదటి పేజీలో అచ్చయితే ఇక ప్రతి తప్పుకూ నా పేరే ఉంటుందని ఆయన లెక్క. "మంచి మాటన్నావమ్మా" అని ఆర్డరు తానే టైపు చేయించారు. తాళాలు చేతులు మారిన ప్రతిసారీ కారణం తప్పనిసరిగా, ఉన్నదున్నట్టు కార్డు మీద పొడవాలని రాసి సంతకం పెట్టారు. మేనేజర్‌కు ఒక కాపీ, రెండు షాపులకూ చెరొకటి పంపారు. నేను నా కాపీని మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

తర్వాతి నెల కోసం రోజులు లెక్కపెట్టాను. పాప పుట్టాలని కూడా అలా లెక్కపెట్టలేదు.

ఆ పొద్దున్న తాళాలు ఆయన బల్ల మీద పెట్టి దూరంగా నిలబడ్డాను.

"పూజ రోజు మీరు చెప్పిన పద్ధతే సార్. మూడు రోజులు నేను కార్డులు ముట్టకూడదు."

"అది పూజ కోసం కదమ్మా..."

"కార్డులు అమ్మవారి ముందు పెట్టినవి సార్. బొట్లు ఇంకా ఉన్నాయి."

ఆయన ఇటూ అటూ చూసి తీసుకున్నారు. అక్క నాలుగో కార్డు పొడుస్తూ మిషన్ మీద వాలిపోయి, భుజాలు కదిలేలా నవ్వింది. జాబితా మొదటి పేజీ మీద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అచ్చయింది. తాళాలు: సూపర్‌వైజర్ దగ్గర. కారణం: నెలసరి.

రెండు షాపులకూ వెళ్లింది. రెండో రోజూ వెళ్లింది. మూడో రోజు అక్క, "సార్, నేను గూడ దూరమున్న" అని లేచింది. ఆమె వెనకే పంచింగ్‌లో ఉన్న మిగతా ఇద్దరూ లేచారు. నిజంగా ఎవరికి ఉందో ఎవరికి లేదో అడిగే ధైర్యం ఆయనకు లేదు. మేం నలుగురం వరండా మెట్ల మీద కూర్చుని పల్లీలు తిన్నాం. లోపల ఆయన పంచింగ్ మిషన్ ముందు కూర్చుని ఒక్కో మీటా వెతుక్కుంటూ ఉన్నారు. జాబితా తయారయ్యేసరికి పది దాటింది.

అప్పటికి మేస్త్రీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో మూడు రోజుల మొదటి పేజీలున్నాయి.

"సార్, జాబితా యాల్లకు రాకపాయె. మా దగ్గర ఇంగ్లీషు సదివెటోడు ఒకడున్నడు. వాడు గిది సదివి నవ్వుతున్నడు, షాపంత నవ్వుతున్నది. తాళాలు సార్ దగ్గర, కారణం గిది అని ఉన్నదట." గొంతు తగ్గించి అడిగాడు. "ఎవరికి సార్?"

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నవ్వలేదు. ఆయన మెడ మీద ఎర్రదనం చెవుల దాకా పాకడం చూస్తూ కూర్చున్నాను. అంత రుచైనది నేను ఈ జన్మలో తినలేదు.

మధ్యాహ్నం మేనేజర్ పిలిపించారు. గదిలో మళ్లీ అదే నలుగురు. బల్ల మీద ఆ మూడు పేజీలు.

"ఏం పరేషాన్ పెట్టారు ఇది? ఎవరు రాయమన్నారు?"

ఆర్డరు కాపీ తీసి బల్ల మీద పెట్టాను. జాకెట్ తడుస్తోంది. కొంగు సర్దుకోలేదు.

"కారణం ఉన్నదున్నట్టు రాయమని సార్ ఆర్డరు. ఆయుధపూజ రోజు కూడా ఇదే కారణంతో సార్ నా దగ్గర తాళాలు తీసుకున్నారు. నాకు నెలసరి అని నన్ను బయట కూర్చోబెట్టారు. కట్టలు విప్పిందీ, మళ్లీ కట్టిందీ సారే. ఆ రోజు మీరు ఎందుకిచ్చారని అడిగారు. ఇదే జవాబు."

షాపు ఇన్‌చార్జులు కిటికీ వైపు చూశారు. మేనేజర్ సూపర్‌వైజర్‌ను చూశారు.

"నిజమేనా?"

"ఆచారం కదా సార్..."

"ఆచారం అడగలేదు. కార్డులు తిరిగి పెట్టిందెవరు?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "నేనే" అన్నారు.

మేనేజర్ ఆ పేజీలు బోర్లించి, ఇక ఆ మాట జాబితాలోంచి తీసేయమన్నారు. నా మీద రాసిన నోటు మారిన రోజు తీస్తానన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. మేనేజర్ ఒక కాగితం సూపర్‌వైజర్ ముందుకు తోశారు. ఆయన పొరపాటు జరిగిందని రాసి ఇచ్చారు. ఎవరివల్లో అందులో లేదు. వెనక్కిచ్చాను. పూజ హడావిడిలో కార్డులు కలిసిపోయాయని రాశారు. అదీ వెనక్కిచ్చాను. మూడోసారి కార్డులు తానే మార్చి పెట్టానని, తన మాట మీదే నేను ఆ రోజు వాటిని ముట్టలేదని రాసి సంతకం పెట్టారు. రెండుసార్లు చదివి తీసుకున్నాను. కడ్డీలు కోసిన మనిషి మెమో కూడా రద్దు చేయమని అడిగాను. చేశారు.

వాయిదా వేసిన మూడు నెలలూ నిండాకే పర్మినెంట్ అయింది. క్వార్టర్ చేతికి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. సూపర్‌వైజర్‌తో రాజీపడమని మా ఆయన అన్నారు. "ఇగ చాలు తియ్, సారు మొగం సూడు ఎట్ల పాడైందో" అని అక్క కూడా అంది.

క్వార్టర్‌లో దిగిన మొదటి రోజు, భోజనం గంట కొట్టగానే దాదాపు పరిగెత్తుకుంటూ ఇంటికి వెళ్లాను. అత్తమ్మ పాపకు గిన్నెలో బర్రెపాలు పట్టిస్తోంది. నేను కూర్చుని ఒళ్లోకి తీసుకుని జాకెట్ విప్పాను. పాప ఒకసారి నోరు పెట్టి, మొహం తిప్పేసి, గిన్నె కోసం చేయి చాచింది. మళ్లీ పెట్టాను. ఏడ్చింది.

"పోనీ బిడ్డా. ఎన్నడో మర్చిపోయింది అది. నీకు గూడ ఎండుకపోతున్నయి గద" అంది అత్తమ్మ.

వాయిదా పడ్డ మూడు నెలలు, ఆ పైన రెండు నెలలు. ఆయన ఇప్పటికీ పొద్దున్నే మెత్తగా నమస్కారం పెడతారు. నేను తలెత్తను. ఆయన రాసిచ్చిన కాగితంలో కార్డుల సంగతి ఉంది, తాళాల సంగతి ఉంది. ఆ అయిదు నెలల సంగతి లేదు.